ట్రాక్టర్ లాక్ వేరు.. కారు లాక్ వేరు

ఉప్పునుంతల: నాట్లకు ముందు మడిలో దిగిన ట్రాక్టర్ పెద్ద చక్రాల్లో ఒకటి బురదలో గిర్రున తిరుగుతుంది, రెండోది కదలదు. డ్రైవర్ కాలికింది పెడల్‌ను మడమతో నొక్కగానే రెండూ కలిసి తిరిగి బండి బయటపడుతుంది. మండలంలో ట్రాక్టర్ నడిపేవారికి ఈ డిఫరెన్షియల్ లాక్ కొత్త కాదు. ఇప్పుడు కార్లలోనూ ‘లాక్’ ఉందని చెబుతున్నారు. అన్నిచోట్లా అది ఇదే పని చేయదు.

మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలిది తక్కువ దూరం పోవాలి. ఆ తేడాకు వీలు కల్పించేది వెనుక ఇరుసు మధ్యనుండే డిఫరెన్షియల్. అది ఇంజిన్ బలాన్ని రెండు వైపులకూ సమానంగా పంచుతుంది. చిక్కంతా అక్కడే. బురదలోని చక్రం తిరగడానికి పిసరంత బలం చాలు కనుక గట్టి నేలపై ఉన్న చక్రానికీ అంతే అందుతుంది. లాక్ పడితే రెండు ఇరుసులూ ఒకే కడ్డీలా తిరిగి, పట్టున్న చక్రానికి బలం చేరుతుంది. అందుకే లాక్ వేసి మలుపు తిప్పరాదు. బండి సరిగా తిరగదు సరికదా, గట్టి నేలపై ఇరుసు, పళ్లు విరిగే ప్రమాదముంది.

2020లో వచ్చిన మహీంద్రా థార్‌లో కొన్ని రకాలకు వెనుక మెకానికల్ లాక్ ఉంది. ఒక చక్రం జారి వేగంలో తేడా పెరిగితే తనంతట తానే పడుతుంది. 2014లో మన దేశంలో విడుదలైన డస్టర్ ఆల్‌వీల్ డ్రైవ్‌లోనూ ‘లాక్’ అని రాసిన నాబ్ ఉండేది. అది కలిపేది ముందు, వెనుక ఇరుసులను మాత్రమే. వెనుక కుడి, ఎడమ చక్రాలను కాదు. పేరు చూసి పొలంలోకి దించితే ఇబ్బందే.

టార్క్ వెక్టరింగ్ సంగతి మరొకటి. 2008లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎక్స్6లో వెనుక డిఫరెన్షియల్‌కు ఇరువైపులా అదనపు పళ్లచక్రాలు, క్లచ్‌లు అమర్చారు. స్టీరింగ్ ఎంత తిరిగింది, ఏ చక్రం ఎంత వేగంతో ఉందన్నది గమనించి, కంప్యూటర్ ఒకవైపు క్లచ్‌ను బిగిస్తుంది. మలుపులో బయటి చక్రానికి ఎక్కువ బలం అంది, కారు ముందుభాగం మలుపులోకి తిరుగుతుంది. ఇది ప్రధానంగా రోడ్డు మీది సౌకర్యం.

చాలా కార్లలో ఇదే పేరుతో ఉన్నది చవకైన పద్ధతి: లోపలి చక్రానికి కాస్త బ్రేక్ వేయడం. జారే చక్రాన్ని పట్టేందుకూ కొన్ని కార్లు బ్రేకునే వాడతాయి. కాసేపు బురద దాటడానికి ఫరవాలేదు గానీ, ఎక్కువసేపు తంటాలు పడితే బ్రేకులు వేడెక్కుతాయి. వానకాలం బాటల కోసం బండి కొనేవారు షోరూంలో అడగాల్సింది ‘లాక్ ఉందా’ అని కాదు. ‘వెనుక రెండు చక్రాలను కలిపేది ఇరుసులోని లాకా, బ్రేకా’ అని.