బీరు తయారగు విధము

బీరు ఐరోపాఖండమున బహుకాలమునుండి వాడుకలోనున్న పానీయము. ఇది పిన్నలకు తగినది కాదు. దానియందలి శాస్త్రము మాత్ర మందరును తెలిసికొనదగినది. 1516వ సంవత్సరమున బవేరియా ప్రభువులు బీరునకు బార్లీ, హాప్సు, నీరు తప్ప మరేమియు వాడరాదని శాసించిరి. కాని యీ మూటిచేతనే బీరు కాదు. నాల్గవదాని పేరు ఆ శాసనమున లేదు. దాని నిచట వివరింతుము.

మొదట బార్లీగింజలను నానబెట్టి మొలకెత్తనిత్తురు. అపుడు గింజలో ఎంజైములు వృద్ధియగును. ఇవి పిండిని చక్కెరగా మార్చగలవు. మన యిండ్లలో మొలకకట్టిన రాగుల జావ తియ్యగా నుండుటకు హేతువిదియే. మొలక మిక్కిలి పెరుగకమున్నే గింజలను వేడిగాలిలో నారబెట్టుదురు. ఇదియే మాల్టు. దీనిని నలుగగొట్టి, సుమారు 65 డిగ్రీల సెంటిగ్రేడు వేడినీటిలో నొక గంటసేపుంచిన పిండి చక్కెరయగును. వేడి మిక్కిలి హెచ్చినచో ఎంజైములు చెడును.

ఈ తీయని నీటిని వడగట్టి, హాప్సు అను తీగ యొక్క యెండిన పువ్వులు వేసి మరగింతురు. వీని చేదు రుచి నిచ్చుటయే గాక, పులియబెట్టు కొన్ని సూక్ష్మజీవులను పెరుగనీయదు. చల్లారిన పిమ్మట ఈస్టును కలుపుదురు. అది చక్కెరను మద్యసారముగను, బొగ్గుపులుసు వాయువుగను మార్చును. శాసనమున పేరులేని నాల్గవది యిదియే.

1837లో ష్వాను, కాన్యార్ ద లా టూరు అను శాస్త్రజ్ఞులు వేర్వేరుగా ఈస్టు ప్రాణముగలదని తెలిపిరి. రసాయనశాస్త్రమున పేరుమోసిన వారు కొందరు పరిహసించిరి. లూయీ పాస్చరు 1876లో ప్రకటించిన గ్రంథమున, పరాయి సూక్ష్మజీవులు చేరుటచేతనే బీరు చెడుచున్నదని విశదపరచెను. 1883లో కోపెన్‌హేగను నగరమందలి కార్ల్స్‌బర్గు ప్రయోగశాలలో ఎమిల్ హాన్సెను, అడవిజాతి ఈస్టు కలిసినను బీరు చెడునని కనుగొని, ఒక్క కణమునుండి శుద్ధమైన ఈస్టును పెంచెను. యజమానియగు జాకబ్సెను దానిని దాచుకొనక యితర కర్మాగారములకును పంచిపెట్టెను.

ఆనాటి పరిశోధన బీరుతో ముగియలేదు. 1997లో హైదరాబాదునందలి శాంతా బయోటెక్నిక్సు వారు, కాలేయమును చెరుచు హెపటైటిస్ బి వ్యాధికి టీకామందును ఒకజాతి ఈస్టు కణములయందే పెంచి తయారుచేసిరి. పీపాలోని నురుగును శ్రద్ధతో పరిశీలించిన వారి శ్రమ పసిబిడ్డల ప్రాణరక్షణకు తోడ్పడినది. కంటికి గనబడని యల్పజీవిని గూడ తృణీకరింపరాదని దీనివలన గ్రహింపవలెను.