పరామర్శ తర్వాత ఏంటి?

నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు, 2014 డిసెంబర్ 17న, మాచర్లలో మా స్కూల్ ప్రేయర్‌లో అందర్నీ రెండు నిమిషాలు మౌనంగా నిలబడమన్నారు. ఎందుకో సరిగ్గా అర్థం కాలేదు. పక్కనున్న వాడు నవ్వు ఆపుకోలేక తల కిందికి దించాడు, వాణ్ణి చూసి నాకూ నవ్వొచ్చింది. మా టీచర్ దగ్గరకొచ్చింది. తిడుతుందనుకున్నా. "చనిపోయింది మీ అంత పిల్లలేరా" అని మెల్లగా చెప్పి వెళ్లిపోయింది. నవ్వు ఆగిపోయింది.

అంతకుముందు రోజే పాకిస్తాన్‌లోని పెషావర్‌లో ఆర్మీ పబ్లిక్ స్కూల్ మీద టెర్రరిస్టులు దాడి చేశారు. చనిపోయిన వాళ్లలో 130 మందికి పైగా పిల్లలే. దేశంలోని స్కూళ్లన్నీ రెండు నిమిషాలు మౌనం పాటించాలని మన ప్రధాని కోరారు. ఇదంతా నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

మళ్లీ ఆ రోజు గుర్తొచ్చింది 2025 ఏప్రిల్‌లో. 22న పహల్‌గామ్‌లో 26 మందిని చంపేశారు. వాళ్లలో ఇద్దరు ఆంధ్రప్రదేశ్ వాళ్లు. ఒకరు నేపాల్ దేశస్థుడు. ఆ రాత్రి హాస్టల్‌లో ఎవరూ సరిగ్గా తినలేదు. ఫోన్లలో ఒక్కో దేశం సంతాపం వస్తూ ఉంది. మా రూమ్మేట్ విసుగ్గా, "ఇదంతా కాపీ పేస్ట్ రా. దేశం పేరు, ఊరి పేరు మారుస్తారు, అంతే" అన్నాడు. నేను కాదన్నాను, కానీ ఎందుకు కాదో చెప్పలేకపోయాను. ఈ వ్యాసం వాడికి ఆలస్యంగా చెబుతున్న జవాబు.

ముందు మన ఊళ్ల సంగతి చూద్దాం. మా వైపు ఎవరింట్లోనైనా మనిషి పోతే ఆ రోజు ఆ ఇంట్లో పొయ్యి వెలిగించరు. చుట్టుపక్కల వాళ్లే అన్నం వండి తెస్తారు. పలకరించడానికి ఊరంతా వస్తుంది. అదే హత్య అయితే ఇంకో ప్రశ్న కూడా ఉంటుంది. మా తాతయ్య అంటుంటాడు: "పరామర్శకు ఊరంతా వస్తదిరా, సాక్ష్యానికి ఎవరొస్తారో చూడాల." పాత కక్షలు చూసిన పల్నాడు మనిషి కాబట్టి ఆయనకు ఆ తేడా బాగా తెలుసు. అసలు మంచి పొరుగువాడైతే ఇంకా ముందే వచ్చి, "నిన్ను చంపాలని చూస్తున్నారు, జాగ్రత్త" అని చెప్తాడు.

అంటే పొరుగువాడు చేయగలిగినవి మూడు. జరగకముందు హెచ్చరిక, జరగ్గానే పరామర్శ, తర్వాత సాక్ష్యం. దేశాల మధ్య కూడా ఈ మూడే ఉంటాయని నాకనిపిస్తుంది. ఒక్కోదానికి ఒక్కో ఉదాహరణ చెప్తాను.

మొదటిది హెచ్చరిక. ఇక్కడ పొరుగు దేశం మనమే. 2019 ఏప్రిల్ 21, ఈస్టర్ ఆదివారం. శ్రీలంకలో మూడు చర్చిల్లో, మూడు పెద్ద హోటళ్లలో ఆత్మాహుతి బాంబులు పేలి 260 మందికి పైగా చనిపోయారు. మన వాళ్లు కూడా కొందరు పోయారు. దీనికి రెండు వారాలకు పైగా ముందే, ఏప్రిల్ 4న, ఇలాంటి దాడి జరగొచ్చని భారత నిఘా సంస్థలు శ్రీలంకకు సమాచారం ఇచ్చాయి. ఏ ముఠా, దాని నాయకుడెవరు, చర్చిలు టార్గెట్ అని కూడా చెప్పాయి. మెసేజ్ చేరింది. చేరాల్సిన పని మాత్రం జరగలేదు. మన నెట్‌వర్క్స్ సబ్జెక్ట్ భాషలో చెప్పాలంటే ప్యాకెట్ డెలివర్ అయింది, అవతల ప్రోగ్రామ్ దాన్ని చదివి కదల్లేదు. అప్పట్లో అక్కడ ప్రెసిడెంట్‌కు, ప్రధానికి పడేది కాదు. 2023 జనవరిలో శ్రీలంక సుప్రీంకోర్టు ఆ నిర్లక్ష్యాన్ని తప్పుపట్టింది. మాజీ ప్రెసిడెంట్ సిరిసేన తన సొంత డబ్బు నుంచి 10 కోట్ల శ్రీలంక రూపాయలు బాధితుల కోసం కట్టాలని తీర్పు చెప్పింది. దాడి తర్వాత 2019 జూన్‌లో మన ప్రధాని కొలంబోలో బాంబు పేలిన సెయింట్ ఆంథోనీ చర్చికి వెళ్లి నివాళి అర్పించారు. అది మంచి పరామర్శే. కానీ ఏప్రిల్ 4న పంపిన సమాచారం దానికంటే పెద్ద సాయమని నా అభిప్రాయం. అవతలి వాళ్లు దాన్ని వాడుకుని ఉంటే ఈ పరామర్శ అవసరమే వచ్చేది కాదు.

రెండోది పరామర్శ. ఇది ఉత్త మాటే కదా అనుకుంటాం. అయితే ఆ మాట కోసం దేశాలు ఎంత పట్టుపడతాయో చూడండి. 2025 జూన్‌లో చైనాలోని చింగ్‌డావ్‌లో షాంఘై సహకార సంస్థ రక్షణ మంత్రుల మీటింగ్ జరిగింది. చైనా, పాకిస్తాన్ రెండూ అందులో సభ్యులే. ఉమ్మడి ప్రకటనలో పహల్‌గామ్ ప్రస్తావన లేదని మన రక్షణ మంత్రి సంతకం పెట్టలేదు. దాంతో ఉమ్మడి ప్రకటనే రాలేదు. సెప్టెంబర్ 1న టియాన్‌జిన్‌లో అదే సంస్థ అధినేతలు ఇచ్చిన ప్రకటనలో పహల్‌గామ్ దాడిని పేరు పెట్టి ఖండించారు. ఒక్క ఊరి పేరు చేరడానికి రెండు నెలలు పట్టింది. కాపీ పేస్ట్ అయితే ఇంత గొడవెందుకు?

మూడోది సాక్ష్యం. ఇది మాకు దగ్గరి కథ. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో సైకిళ్లకు పెట్టిన రెండు బాంబులు పేలి 18 మంది చనిపోయారు. మాచర్ల నుంచి సాగర్ మీదుగా వెళ్లే బస్సు ఎంజీబీఎస్ చేరాలంటే ఆ రోడ్డు మీదుగానే పోవాలి. మా వైపు నుంచి కోచింగ్‌కు వెళ్లినవాళ్లు ఎంతమందో ఆ చుట్టుపక్కల రూముల్లో ఉండేవాళ్లు. మా బాబాయ్ కూడా అక్కడే ఉన్నాడు. ఫోన్ కలవక నానమ్మ వాకిట్లోనే కూర్చుందని, రాత్రి పొద్దుపోయాక ఆయన మాట విన్నాకే లోపలికొచ్చిందని అమ్మ ఇప్పటికీ చెప్తుంది.

ఆ కేసులో ప్రధాన నిందితులిద్దరు 2013 ఆగస్టులో నేపాల్ సరిహద్దు దగ్గర దొరికారు. ఆ సరిహద్దు దాటడానికి మనకు గానీ నేపాలీలకు గానీ పాస్‌పోర్ట్ అక్కర్లేదు. స్నేహం ఉంది కాబట్టి తెరిచి పెట్టుకున్న తలుపు అది. ఆ తలుపులోంచి దొంగ కూడా రావచ్చు కాబట్టి రెండు వైపులా కాపలా ఉండాల్సిందే. 2016 డిసెంబర్‌లో ఐదుగురికి ఉరిశిక్ష పడింది. వాళ్లలో ఒకడు పాకిస్తాన్ దేశస్థుడు. 2025 ఏప్రిల్ 8న తెలంగాణ హైకోర్టు ఆ శిక్షను ఖరారు చేసింది. సరిగ్గా రెండు వారాలకు పహల్‌గామ్ జరిగింది.

ఇప్పుడు మళ్లీ మా స్కూల్ ప్రేయర్ దగ్గరకొస్తాను. మేము డిసెంబర్ 17న పాకిస్తాన్ పిల్లల కోసం నిలబడ్డాం. 18న పాకిస్తాన్‌లో ఒక కోర్టు, 166 మంది చనిపోయిన 2008 ముంబై దాడుల కేసులో ప్రధాన నిందితుడు లఖ్వీకి బెయిల్ ఇచ్చింది. తర్వాతి ఏప్రిల్‌లో అతను జైలు నుంచి బయటికొచ్చాడు. చాలా ఏళ్లకు వేరే కేసులో, టెర్రరిజానికి డబ్బు సమకూర్చినందుకు, శిక్ష పడింది గానీ ముంబై కేసులో పడలేదు. ఈ రెండు తేదీలు పక్కపక్కనే చూసిన రోజు నాకు నిజంగా కోపమొచ్చింది. మా మౌనం దండగేనా అనిపించింది.

కానీ ఆలోచిస్తే, ఆ మౌనం ఆ ప్రభుత్వం కోసం కాదు. ఆ పిల్లల కోసం, వాళ్ల అమ్మానాన్నల కోసం. సాక్ష్యం ఇవ్వని పొరుగు ప్రభుత్వాన్ని నిలదీయాల్సిందే, దానికీ దీనికీ పోటీ పెట్టక్కర్లేదు. మా తాతయ్య కూడా పరామర్శకు వెళ్లొద్దని ఎప్పుడూ అనలేదు. వెళ్లినంత మాత్రాన పని అయిపోయిందనుకోవద్దన్నాడు.

మా వీధిలో రాత్రిళ్లు విజిల్ వేసుకుంటూ తిరిగే గూర్ఖా నేపాల్ ఆయన. పహల్‌గామ్ తర్వాత మే నెల మొదట్లో డబ్బుల కోసం వచ్చినప్పుడు నేను ఇంట్లోనే ఉన్నా. "మా దేశం పిల్లోడు కూడా ఒకడు పోయాడు బాబూ" అన్నాడు. అమ్మ ఆయన్ని కూర్చోమని మజ్జిగ ఇచ్చింది. ఎవరు ఎవర్ని పరామర్శించారో నాకు తెలియలేదు. ఆ రాత్రి కూడా ఆయన విజిల్ మామూలు టైముకే వినిపించింది.