పొట్టి వాల్వు, గాలి సెన్సారు



జమ్మికుంట పత్తి మార్కెట్టునకు పోవు మా కుమారుని మోటారు సైకిలు వెనుక చక్రములో గాలి మెల్లగా తగ్గుచుండెను. మూలమలుపున బండి జారిన పిదప గాని మాకది తెలియలేదు. దెబ్బ స్వల్పమే. అయినను నా మనసు కుదుటపడక, వాల్వునకు మూత వలె బిగించి గాలి ఒత్తిడిని ఫోనులో చూపు సెన్సారును తెప్పించితిని.

తీరా చూడగా వాల్వు మిక్కిలి పొట్టి. సెన్సారునకు రెండు మరలే పట్టెను. లోపలి పిన్ను నొక్కబడిన గాని గాలి సెన్సారును చేరదు. ఒక దుకాణదారు ఇత్తడి గొట్టము తగిలించి పొడుగు చేసెను. ఒప్పుకొనుట నా పొరపాటు. గంటకు 60 కిలోమీటర్ల వేగమున, అచ్చటి 10 గ్రాముల సెన్సారు అరకిలోకు మించిన బరువై రిమ్ము వైపునకు ఒత్తును. పొడుగైన గొట్టము ప్రక్కకు వ్రాలి యూగును. నెలలోపలనే రబ్బరు వాల్వు మొదట చిట్లెను.

ట్యూబు లేని టైరైనచో, రబ్బరు వాల్వు తీయించి లోహపు వంపు వాల్వును మరతో బిగింపించుట మేలు. రిమ్ము రంధ్రము 8.3 మిల్లీమీటర్లా, 11.3 మిల్లీమీటర్లా యని ముందుగా కొలిపించుడు. ట్యూబు చక్రమునకు ఈ యుపాయము చెల్లదు. వాల్వు ట్యూబునకే యంటియుండును. అట్టి బండికి వారమున కొకమారు చల్లని టైరులో గాలి కొలిపించుటయే దారి.

బిగించిన పిదప చక్రమును చేతితో త్రిప్పి, సెన్సారు బ్రేకునకు తగులునేమో చూడుడు. సబ్బునీరు పూసి బుడగలు వచ్చునేమో కనిపెట్టుడు. సెన్సారు పిన్నును ఎల్లప్పుడును నొక్కియుంచును గనుక, అటుపై గాలిని ఆపునది దానిలోని చిన్న రబ్బరు వాషరు మాత్రమే.