అడవి ఉసిరికయు, కడలి ఉప్పును

అడవిలోని ఉసిరికాయకును, సముద్రములోని ఉప్పునకును పొత్తు కుదిరినదని మనవారి సామెత. ఆ పొత్తును కన్నులార చూడవలెనన్న విశాఖపట్టణమునకు పోవలెను. తూర్పు కనుమల కొన యొకటి డాల్ఫిన్స్ నోస్ అను పేర సముద్రములోనికి చొచ్చుకొనివచ్చి, అచటి రేవునకు పెట్టనికోటయై నిలిచినది. ఆ కనుమలలోనే, నగరమునకు సుమారు 115 కిలోమీటర్ల దూరమున, 900 మీటర్లకు పైబడిన ఎత్తున అరకులోయ కలదు. ఈ కొండల సీమ అల్లూరి సీతారామరాజు పేర ఒక జిల్లాయై రెండు మాసములు గడచిన పిమ్మట, 2022 జూన్ 8వ తేదీన, కొండక్రింది రేవునకు ఎంప్రెస్ అను విహారనౌక వచ్చినది. కార్డీలియా క్రూయిజెస్ అను భారతీయ సంస్థ దానిని నడిపినది.

ఈ నౌక చరిత్ర ఆసక్తికరమైనది. ఫ్రాన్సు దేశమున సెయింట్ నజేర్ నౌకాశాలలో దీనిని నిర్మించిరి. 1990లో ఇది నార్డిక్ ఎంప్రెస్ అను పేర రాయల్ కరీబియన్ సంస్థవారి కొలువున చేరినది. అంతకుముందు మూడు నాలుగు దినముల యాత్రలకు, దూరప్రయాణములలో పాతబడిన ఓడలనే వాడెడివారు. అట్టి పొట్టి యాత్రలకనియే ప్రత్యేకముగా రూపొందించిన తొలి నౌకగా దీనికి పేరు వచ్చినది. మయామీ నుండి బహామా దీవులకు పోయివచ్చుట దాని తొలినాటి పని. 2004లో దాని పేరు మారినది. 2008లో స్పెయిను దేశపు సంస్థ చేతికి పోయినది. 2016లో తిరిగి పుట్టింటికి చేరినట్లు రాయల్ కరీబియన్‌వారి యొద్దకు వచ్చినది. మరుసటి సంవత్సరము క్యూబాలోని హవానా రేవును దర్శించినది. 2021 సెప్టెంబరులో బొంబాయి నుండి మన తీరమున యాత్రలు ఆరంభించినది.

దీని పొడవు సుమారు 211 మీటర్లు. వెడల్పు సుమారు 31 మీటర్లు. గదులు ఎనిమిది వందలకు సమీపము; గదికి ఇద్దరు చొప్పున 1,600 మంది ప్రయాణింపవచ్చును. దీని పరిమాణము 48,563 టన్నులని వ్రాయుదురు. విద్యార్థులు ఇచట ఒక సంగతి గమనింపవలెను. ఈ టన్నులు బరువునకు కొలత కావు. ఓడ లోపలి చోటును బట్టి కట్టిన లెక్క. పాతకాలపు కొలతలో టైటానిక్ 46,328 టన్నులది, పొడవు 269 మీటర్లు. అనగా ఎంప్రెస్ దానికంటె పొట్టిదైనను లోపల ఇరుకైనది కాదు. 2024లో యాత్ర ఆరంభించిన ఐకాన్ ఆఫ్ ది సీస్ పొడవు 365 మీటర్లు. టన్నులు దీనికి అయిదింతలు. కావున మన ఎంప్రెస్ మధ్యరకపు ఓడ. మహానౌకలకు లొంగని రేవులలోనికి పోగలుగుటయే ఇట్టి ఓడలకు గల గొప్ప సౌలభ్యము. భోజనశాలలు, రంగస్థలము, ఈతకొలను ఇందు కలవు. వినోదమునకై ఎగబ్రాకుటకు కృత్రిమ శిలాకుడ్యము కూడ కలదు!

నిజమైన శిలలో, రేవునకు ఎదుటనే కలవు. విశాఖలో 2023 సెప్టెంబరు 4న సుమారు 96 కోట్ల రూపాయల వ్యయముతో నిర్మించిన విహారనౌకల మజిలీ ప్రారంభమైనది. ఓడ దిగినవారిని కొండకు చేర్చు దారి అంతకు పూర్వమే కలదు. బైలదిల్లా గనుల ఇనుపరాతిని జపానుకు పంపుటకై, ఆ దేశపు సహాయముతో 1960వ దశకమున కొత్తవలస–కిరండోల్ రైలుమార్గమును వేసిరి. అందు 58 సొరంగములు కలవు. ఖనిజమును దింపుటకు వేసిన ఆ దారిలోనే 2017 ఏప్రిల్ నుండి అద్దాల పెట్టె యాత్రికులను ఎక్కించుచున్నది.

అయితే చిక్కంతయు కాలముతోనే. విహారనౌక సాధారణముగా ఒక రేవున ఒక పగలు మాత్రమే నిలుచును. అరకునకు రైలులో పోవుటకు సుమారు నాలుగు గంటలు, వచ్చుటకు అంతియే. పది గంటల విడిదిలో లోయకు మిగులునది రెండు గంటలు! ఆ రెండు గంటలలో బాటసారి థింసా నృత్యము చూచును, కాఫీ త్రాగును, బొమ్మ తీసికొని మరలును. ఆ కాఫీ వెనుక నీడచెట్ల క్రింద గిరిజన కుటుంబము పడిన పాటు అతనికి కానరాదు. 2019లో అరకు అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించినదనియు, దానిని పండించునది ఈ గిరిజన రైతులేయనియు అతనికి చెప్పువారు ఉండరు. కొండవారు అతనికి ఒక దృశ్యముగానే మిగిలిపోవుదురు. అతడిచ్చు పైకమున వారి చేతికి చేరునది స్వల్పము.

ఇది ఓడ తప్పు కాదు. పొట్టి యాత్రకై పుట్టిన ఓడకు తొందర సహజము. కాని విడిది ఒక రాత్రికి పెరిగి, అతిథి గిరిజన గ్రామమున బసచేసి, కాఫీతోటను దాని యజమాని వెంట చూచినచో లాభము ఇరువురకును కలుగును. ఉసిరికాయను ఉప్పును ఒకచోట చేర్చుట నిమిషములో పని. అది ఊరుటకు మాత్రము కొన్ని దినములు పట్టును.