మత్తుకు మూడుసార్ల లెక్క ఎవరు కట్టారు?

“రెండు మత్తులయ్యాయి అన్నయ్యా. మూడోది పడితే మనిషి లేవడట.”

మా పిన్ని కొడుకు ఆ మాట అనేటప్పటికి వాడి కుడికాలిలోకి బయటి నుంచి నాలుగు ఇనప చువ్వలు దిగి ఉన్నాయి. లారీ గుద్దిన రాత్రి గాయం కడిగి అవి బిగించారు. పది రోజులకు తొడ మీది చర్మం తీసి గాయానికి అతికించారు. అది ఆరాక చువ్వలు తీసేసి, ఎముక లోపల రాడ్డు వేయాలి. ఆ మూడోదానికే వాడు ఒప్పుకోలేదు. ‘మా ఇష్టంతోనే వెళ్తున్నాం’ అన్న కాగితం మీద సంతకం పెట్టి, చువ్వల కాలితోనే ఇంటికొచ్చేశాడు. నెలన్నర తిరక్కుండానే చువ్వలు దిగిన చోట చీము పట్టింది.

వాడికి ఇంత వైద్యం నేర్పింది డాక్టరూ కాదు, నర్సూ కాదు. ఎదురు మంచం పెద్దాయన బావమరిది. ఆయనకు ఎవరో వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పంపారట. మనిషి ఒంటికి మూడోసారి మత్తు తట్టుకునే శక్తి ఉండదనీ, ఇచ్చినప్పుడల్లా కొంత ఒంట్లోనే ఉండిపోతుందనీ, పేరుకుని పేరుకుని చివరికి గుండెను ఆపేస్తుందనీ దాని సారాంశం. సెల్‌ఫోన్ రీచార్జికి ఉన్నట్టు ఒంటికీ వ్యాలిడిటీ ఉందన్నమాట! వరసగా రెండు మూడు ఆపరేషన్లు రాసిపెట్టి ఉన్నవాళ్ళకు అసలే కంటి మీద కునుకుండదు. వాళ్ళ మంచం పక్కన కూర్చుని, తెచ్చిన బత్తాయిలు వలుస్తూ ఇలాంటి మాట అనేవాళ్ళను ఏమనాలి?

సరే, పేరుకునే సంగతి చూద్దాం. ఇప్పుడు నరంలోకి ఎక్కువగా ఇచ్చే మత్తుమందు ప్రొపోఫాల్. చూడటానికి పాలలా తెల్లగా ఉంటుంది. ఎక్కించిన అర నిమిషం, నిమిషంలో మనిషి నిద్రలోకి జారుకుంటాడు. ఒక్క డోసిచ్చి ఊరుకుంటే ఐదు పది నిమిషాల్లో కళ్ళు తెరుస్తాడు. అందుకే ఆపరేషన్ అయ్యేదాకా ఆ మందో, సెవోఫ్లూరేన్ లాంటి గ్యాసో ఆపకుండా ఇస్తూనే ఉండాలి. ఆ గ్యాసు ఊపిరితో లోపలికి వెళ్తుంది, చాలావరకు ఊపిరితోనే బయటికి వచ్చేస్తుంది. ఒకరోజు కాస్త మగతగా ఉండొచ్చు. ఆ రోజు బండి నడపొద్దని చెప్పేది అందుకే. ఇక వారాల తర్వాత జరిగే ఆపరేషన్ నాటికి పేరుకుపోవడానికి అక్కడ మిగిలిందేముంది?

ఇంకా నమ్మకం కుదరకపోతే కంటి క్యాన్సర్ వచ్చిన పసిపిల్లలను చూడండి. కదలకుండా కన్ను చూపించమంటే వాళ్ళెక్కడ చూపిస్తారు? చికిత్స నడిచినన్నాళ్ళూ మూడు నాలుగు వారాలకోసారి మత్తిచ్చే పరీక్ష చేస్తారు. కాలిన గాయాల వార్డులో కట్లు మార్చడానికే పదేపదే మత్తిస్తారు. గ్రహణం మొర్రి, పేరులోనే ఒక అపోహను మోస్తున్న లోపం. దాన్ని సరిచేసేటప్పుడు పెదవికి కొన్ని నెలల వయసులో ఒకటి, అంగిలికి ఏడాది అటూఇటుగా ఒకటి, చిగురులో ఎముక నింపడానికి ఎనిమిది పదేళ్ళప్పుడు మరొకటి చేస్తారు. ఆ వాయిస్ మెసేజ్ లెక్కన వీళ్ళెవరూ బతికి ఉండకూడదు.

మత్తు డాక్టర్ కూడా లెక్క కడతారు. ఆ లెక్క మత్తులది కాదు, మనిషిది. గుండె, ఊపిరితిత్తులు, షుగరు, రక్తం ఎంతుంది, నోరు ఎంత తెరుచుకుంటుంది, మెడ ఎంత వంగుతుంది అని చూస్తారు. మూడో ఆపరేషన్‌కి ప్రమాదం పెరిగిందంటే మొదటి రెండింటిలో రక్తం పోయి ఉండాలి, చీము పట్టి ఉండాలి, లేదా తిండి మానేసి మనిషి నీరసించి ఉండాలి. అంకె మూడయినందుకు కాదు.

నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఈ పొగకూ ఒక పాత నిప్పుంది. 1956లో హాలోథేన్ అనే మత్తు గ్యాసు వాడకంలోకి వచ్చింది. అరుదుగా కొందరికి అది లివర్‌ను దెబ్బతీసేది, కొద్ది వ్యవధిలో రెండోసారి ఇస్తే ఆ ముప్పు పెరిగేది. కనీసం మూడు నెలలు ఎడం ఉంచమని డాక్టర్లే చెప్పేవారు. ఆ మూడు నెలలే జనం నోట పడి మూడుసార్లయ్యాయేమో! ఇవాళ దాని స్థానంలో వేరే గ్యాసులొచ్చేశాయి. అంతకు ముందరి క్లోరోఫామ్‌తో మనుషులు నిజంగానే పోయేవారు. అది గుండెను ఆపుతుందా, ఊపిరినా అని తేల్చడానికి 1888లో, మళ్ళీ 1889లో హైదరాబాద్‌లోనే కమిషన్లు కూర్చున్నాయి. ఆరో నిజాం డబ్బిచ్చాడు, వందల జంతువుల మీద ప్రయోగాలు చేశారు. ఊపిరి చూసుకుంటే చాలు, గుండెకేం కాదని తేల్చారు. అది తప్పని తర్వాత రుజువైంది. అప్పట్లో భయపడ్డవాళ్ళది తెలివితక్కువతనం కాదు. ఆ భయాన్నే 2020ల దాకా మోసుకురావడం మాత్రం కచ్చితంగా తెలివితక్కువతనమే.

ఇంకో అపోహ: మత్తిస్తే మతి పోతుంది.

దీన్ని పూర్తిగా కొట్టిపారేయాలని నాకూ ఉంది, కుదరదు. అరవై ఐదు దాటినవాళ్ళలో కొందరు పెద్ద ఆపరేషన్ తర్వాత రెండు మూడు రోజులు తికమకపడతారు. రాత్రిపూట లేచి గొర్రెలెక్కడని అడిగినవాళ్ళున్నారు. చాలామందిలో అది తగ్గిపోతుంది, కొందరికి జ్ఞాపకం కుదుటపడటానికి వారాలు, నెలలు పట్టవచ్చు. దానికి మత్తు ఒక్కటే కారణం కాదు. నొప్పి, జ్వరం, నిద్ర లేకపోవడం, కళ్ళజోడు ఇంట్లో మరిచిపోవడం కూడా కారణాలే. ఇక మూడేళ్ళలోపు పిల్లలకు పదేపదే, లేదా గంటల తరబడి మత్తిస్తే మెదడు ఎదుగుదల మీద ప్రభావం పడవచ్చని 2016లో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది. అవసరమైన ఆపరేషన్‌ను మాత్రం ఆపొద్దని కూడా చెప్పింది. మన వాట్సాప్‌కు మొదటి సగమే చేరింది.

మిగతావి ఒక్కో ముక్కలో:

వెన్నులో ఇంజెక్షన్ ఇస్తే జన్మంతా నడుము నొప్పి: కాదు. కొందరికి కొన్ని రోజులు తలనొప్పి రావచ్చు, దానికి మందుంది.

ఆపరేషన్ మధ్యలో మెలకువ వచ్చేస్తుంది: బ్రిటన్, ఐర్లాండ్‌లలో జరిపి 2014లో ప్రకటించిన పెద్ద సర్వేలో సుమారు 19,000 మత్తులకు ఒక్కరు అలా చెప్పారు.

ముందు రోజు నుంచీ నీళ్ళు ముట్టకూడదు: సాధారణంగా రెండు గంటల ముందు వరకు మంచినీళ్ళు తాగవచ్చు. మీ డాక్టర్ వేరే చెబితే ఆ మాటే వినండి.

పప్పు తింటే కుట్లు చీము పడతాయి: పుండు మానడానికి కావలసినవే పప్పులోని మాంసకృత్తులు. పెట్టండి.

అమావాస్యనాడు కత్తి పెట్టకూడదు: చీముకు తిథులు తెలియవు.

చివరిది, చాలామంది పైకి చెప్పనిది. భయమేస్తోందంటే పిరికివాళ్ళనుకుంటారని, ఆపరేషన్ వాయిదా వేస్తారని లోపలే దాచుకుంటారు. మత్తు డాక్టర్‌కు భయపడే మనిషి రోజూ కనిపిస్తాడు. అవసరమైతే ముందు రాత్రి నిద్రకు ఒక మాత్ర, థియేటర్‌లోకి తీసుకెళ్ళే ముందు కంగారు తగ్గే ఇంజెక్షన్ ఇస్తారు. పక్కింటివాళ్ళ నిద్రమాత్రలు మాత్రం మింగకండి. పీఏసీ అని మత్తుకు ముందు చేసే పరీక్ష ఉంటుంది. దాన్ని సంతకాల తంతులా వదిలేయకుండా ఆ పావుగంటలో అన్నీ అడగండి. మందు తాగే అలవాటు, గుట్కా, నాటు మందులు ఏవున్నా ఇంటివాళ్ళను బయటికి పంపించి అయినా చెప్పండి. కిందటిసారి మత్తులో వాంతులయ్యాయా, ఏ మందు పడలేదు అన్న కాగితాలు ఫైల్లో పెట్టుకెళ్ళండి. రెండో మత్తు మొదటిదానికన్నా సులువయ్యేది ఆ ఫైలు వల్లే. రాసిపెట్టిన ఆపరేషన్లన్నిటినీ ఒకేసారి తల మీద పెట్టుకోకండి. డాక్టర్‌ను అడగవలసిన అసలు ప్రశ్న “ఇది ఎన్నోది?” అని కాదు. “ఇది మానేస్తే ఏమవుతుంది?” అని.

మా తమ్ముడు ఆ ప్రశ్న అడగలేదు. జవాబు వాడి కాలు చెప్పింది. చీము కడగడానికి ఒకటి, తుడిచిపెట్టుకుపోయిన ఎముక నింపడానికి ఒకటి, చివరికి ఆ రాడ్డు. మూడో మత్తుకు భయపడి పారిపోయినవాడు మొత్తం ఐదు తీసుకున్నాడు. ఐదోది దిగాక కళ్ళు తెరిచి మొదట అడిగింది క్రికెట్ స్కోరు.

ఎవరినైనా చూడటానికి ఆసుపత్రికి వెళ్తే బత్తాయిలు ఇచ్చి రండి. వైద్యం వాళ్ళ డాక్టర్‌కి వదిలేయండి.