మిడ్ పోతే మార్కులు, హాజరు పోతే ఏడాది

జ్వరమొచ్చి మిడ్ రాయలేదు, ఇంటర్నల్స్ మొత్తం పోయినట్టేనా? బీటెక్ పిల్లలున్న ఇళ్లలో ప్రతి సెమిస్టర్‌కీ వచ్చే అనుమానమే. పోవు. జేఎన్‌టీయూ అనంతపురం ఆర్20, ఆర్23 నిబంధనల లెక్క చూద్దాం. అటానమస్ కాలేజీల్లో అంకెలు మారొచ్చు. మీ కాలేజీ రెగ్యులేషన్స్ పుస్తకం ఒకసారి తిరగేయండి.

థియరీ సబ్జెక్టుకు 100 మార్కులు: ఇంటర్నల్‌కు 30, సెమిస్టర్ చివరి పరీక్షకు 70. ఇంటర్నల్ కోసం రెండు మిడ్‌లు పెడతారు. ఎక్కువ మార్కులొచ్చిన మిడ్‌లో 80 శాతం, రెండోదాంట్లో 20 శాతం తీసుకుని కలుపుతారు. మొదటిదాంట్లో 25, రెండోదాంట్లో 20 వస్తే 20 ప్లస్ 4, మొత్తం 24. ఆ రెండోది అసలు రాయకపోతే దానికి సున్నా, చేతికొచ్చేది 20. అంటే పోయింది నాలుగు మార్కులే.

అలాగని మిడ్‌ను తేలిగ్గా తీసుకోవద్దు. మొదటిదాంట్లో 12 తెచ్చుకుని, రెండోది బాగా రాసి గట్టెక్కుదామనుకున్నవాడు ఆ రోజే మంచాన పడితే మిగిలేది 9.6. రాసి 25 తెచ్చుకుని ఉంటే 22.4 వచ్చేది. దాదాపు 13 మార్కుల తేడా! మొదటి మిడ్‌లో దెబ్బతిన్నవాళ్లకే రెండోది ఖరీదైనది.

మరి పాసవడం మాటేమిటి? చివరి పరీక్షలో కనీసం 35 శాతం రావాలి. 70లో అది 24.5, మనం 25 అనుకుందాం. ఇంటర్నల్‌తో కలిపి కనీసం 40 రావాలి. కాబట్టి ఇంటర్నల్ 24 ఉన్నా, 20 ఉన్నా, 15 ఉన్నా చివర్లో తెచ్చుకోవాల్సింది ఆ 25 మార్కులే. ఇంటర్నల్ 10కి పడిపోతే మాత్రం 30 కావాలి. మిడ్ పోయినందువల్ల గ్రేడ్ తగ్గొచ్చు గానీ, ఆ ఒక్క కారణంతో సబ్జెక్టు పోవడం అరుదు.

ఆర్23లో అసైన్‌మెంట్‌కు ఒక్కో మిడ్‌లో 5 మార్కులు. అసలు ఇవ్వకపోతే, అది మీ మెరుగైన మిడ్‌లోదైతే 4 మార్కులు పోతాయి, రెండోదాంట్లోదైతే ఒకటి. ఆలస్యానికి ఎంత కోయాలన్నది చాలాచోట్ల లెక్చరర్ ఇష్టమే. గడువుకు ముందే వెళ్లి విషయం చెప్పినవాడి మాటకు ఉండే విలువ, మార్కులు వర్సిటీకి పంపేశాక బతిమాలేవాడి మాటకు ఉండదు.

చివరి పరీక్షకే వెళ్లలేకపోతే? మీ ఒక్కరి కోసం మళ్లీ పెట్టరు. ఆ సబ్జెక్టు బ్యాక్‌లాగ్‌గా మిగులుతుంది, ఫీజు కట్టి సప్లీలో రాసుకోవాలి.

అసలు భయపడాల్సింది హాజరు గురించి. అన్ని సబ్జెక్టులూ కలిపి 75 శాతం ఉండాలి. సెమిస్టర్‌లో 90 పనిదినాలనుకుంటే 22 రోజులు మానొచ్చు, వారానికి ఆరు రోజుల లెక్కన నాలుగు వారాల కన్నా తక్కువ. ఓ వైరల్ జ్వరం, ఇంట్లో ఓ పెళ్లి, పండక్కి ముందూ వెనకా నాలుగేసి రోజులు, ఇవి చాలు అందులో చాలా భాగం కరిగిపోవడానికి.

65కూ 75కూ మధ్య ఉంటే ‘కండొనేషన్’, అంటే లోటును మన్నించడం, అడగొచ్చు. దానికి తగిన కారణం, ఆధారాలు, ఫీజు కావాలి. ఇవ్వాలా వద్దా అన్నది కాలేజీ కమిటీ తేలుస్తుంది. మెడికల్ సర్టిఫికెట్ ఇస్తే మానిన రోజులు హాజరులో కలుస్తాయని చాలామంది అనుకుంటారు. కలవవు. లోటును మన్నించమని అడగడానికి అదొక ఆధారం, అంతే. 64 శాతం ఉన్నవాడికి అదీ పనికిరాదు.

65 లోపు ఉంటే డిటెయిన్. సెమిస్టర్ పరీక్షలు రాయనివ్వరు. ఆ సెమిస్టర్ మళ్లీ నడిచేదాకా, అంటే మామూలుగా మరుసటి ఏడాది దాకా ఆగి, జూనియర్లతో కలిసి మొదటినుంచీ చదవాలి. అందుకే మిడ్ మార్కుల కన్నా ముందు, నెలకోసారి హాజరు శాతం ఎంతుందో మీ పిల్లల్ని అడగండి. 80కి దిగిందంటే, ఆ సెమిస్టర్‌లో ఇక సెలవులు లేవని చెప్పేయండి.