ఉద్దేశమునకు సాక్ష్యము

సీతంపేట మన్యమున పోడుభూమి గట్టుకడ మొదలైన తగవు ఒకని ప్రాణము మీదికి వచ్చినచో, న్యాయస్థానము తేల్చవలసినది దెబ్బ యెవరు కొట్టిరన్నది మాత్రమే కాదు, ఏ తలంపుతో కొట్టిరన్నది కూడ. మనస్సులోనికి తొంగిచూచిన సాక్షి యుండడు గావున ఆ తలంపును చేతలనుండియే గ్రహింపవలెను. ఆయుధము వెంటతెచ్చినదా, అక్కడికక్కడ చేతికందినదా, దెబ్బ ఆయువుపట్టున పడెనా, పూర్వవైరముండెనా యను ప్రశ్నలను 2006లో మన రాష్ట్రమునుండి వచ్చిన యొక అప్పీలులో సుప్రీంకోర్టు వివరముగ పేర్కొనెను.

అయితే దెబ్బలు కాళ్లుచేతులకే తగిలినవన్నంతమాత్రమున శిక్ష తగ్గదు. 1968లో గుంటూరు జిల్లా రొంపిచర్ల కక్షలలో ఒకనిని బరువైన కఱ్ఱలతో కాళ్లమీదను చేతులమీదను ఎముకలు విఱుగునట్లు కొట్టగా అతడు మరణించెను. చంపు నుద్దేశము లేదని హైకోర్టు నేరమును తగ్గింపగా, ఆ గాయములు బుద్ధిపూర్వకముగ చేసినవే, సహజముగ ప్రాణము తీయజాలినవే యని 1976లో సుప్రీంకోర్టు హత్యానేరమునే నిలిపెను.

చంపు నుద్దేశము లేదన్న వాదము గెలిచినను ఖైదీ తప్పక విడుదల యగునని కాదు. హత్యకు మరణశిక్షయో యావజ్జీవమో యుండగా, ఉద్దేశము లేక, మరణము సంభవింపవచ్చునన్న యెఱుక మాత్రమే గల నరహత్యకు గరిష్ఠశిక్ష 10 ఏండ్లు. ఒక కుటుంబమునకు ఈ భేదమే సర్వస్వము.

సెషన్స్ కోర్టు తీర్పుపై హైకోర్టున అప్పీలుకు గడువు 60 దినములు, మరణశిక్షయైనచో 30. చెరసాలలోనివాడు జైలు అధికారి ద్వారానే అర్జీ పంపుకొనవచ్చును. షెడ్యూల్డు తెగలవారికి, ఆదాయముతో నిమిత్తము లేకుండ, 1987 నాటి చట్టముచే ఉచిత న్యాయసహాయము లభించును; ఈ సంగతి సవర తెగకు చెందిన ఖైదీకి తీర్పునాడే అతని భాషలో చెప్పితీరవలెను. గడువు దాటినను, తగిన కారణము చూపినచో ఆలస్యమును మన్నించు అధికారము కోర్టునకు కలదు.